గాలం కర్రకు సాంచ రంగు

దీపావళి ముందు సూరత్‌లో రంగు డబ్బాలకు తీరిక ఉండదు. ఇళ్లకు సున్నాలు, దుకాణాల షట్టర్లకు ఎనామిల్, మగ్గాల షెడ్లలో యంత్రాలు కడిగి తుడిచి వాటి ఇనుప చట్రాలకు ఒక పూత. లింబాయత్ గల్లీల్లో ఈ పనులన్నీ పండగ ముందు కొద్ది రోజుల్లోనే తెమిలిపోవాలి. అన్నీ అయ్యాక డబ్బా అడుగున కాస్త రంగు మిగులుతుంది. పారెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాదు. ముందు సైకిల్ మడ్‌గార్డు, ఆ తర్వాత ముక్కాలి పీట, ఆ తర్వాత కిటికీ ఊచలు. ఇంకా మిగిలిందంటే మూలన నిలబెట్టిన గాలం కర్రకు మూడినట్టే.

సెలవులొచ్చి, ఆ కర్ర పట్టుకుని తాపీ నది గట్టుకు బయలుదేరదామంటే అప్పుడు తెలుస్తుంది సంగతి. రింగుల్లో ఆకుపచ్చ ఎనామిల్ గడ్డకట్టి దారం జారదు. లాగితే పొడుగయ్యే టెలిస్కోపిక్ కర్రయితే ఒక గొట్టం ఇంకోదానిలోకి దూరదు. చివరి కొసన పూత మందంగా ఎక్కి, చేప కొరికినా చేతికి తెలియదు. ఇంతవరకూ జరిగిన నష్టం పెద్దదేం కాదు. పెద్ద నష్టం ఆ మర్నాడు జరుగుతుంది, బ్లేడో థిన్నరో తీసుకుని రంగు వదిలించడానికి కూచున్నప్పుడు. రంగు వేసి కర్రను విరగ్గొట్టినవాళ్లు తక్కువ. తియ్యబోయి విరగ్గొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

లింబాయత్ సూరత్ మహానగరపాలికలో ఒక జోన్. 2008 నాటి పునర్విభజనతో ఆ పేరుమీద అసెంబ్లీ నియోజకవర్గం కూడా ఏర్పడింది. మరాఠీలు, ఒడియాలు, ఉత్తరప్రదేశ్, బిహార్ నుంచి వచ్చినవాళ్లు, వాళ్లతో పాటు తెలంగాణ పద్మశాలీలు. షోలాపూర్, భివండి, ముంబై, సూరత్ అనేది మన నేతగాళ్లు తరాలుగా నడిచిన వలసదారి. సూరత్ కార్పొరేషన్ బడుల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాల సరసన తెలుగు మాధ్యమం కూడా ఉండటానికి కారణం వీళ్లే. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఈ ఇళ్లలో మరమగ్గాన్ని ఇప్పటికీ సాంచ అనే అంటారు. కండెలు, నాడె, భీము, పడుగు, పేక అన్న మాటలు గుజరాతీ హిందీల మధ్య కూడా చెక్కుచెదరలేదు.

మగ్గంతో పాటు వచ్చిన ఇంకో అలవాటు గాలం. మానేరు ఒడ్డునో ఊరి చెరువు కట్టమీదో చిన్నప్పుడు ఎర్రలు తవ్వి, నెమలీక కాడను బెండుగా కట్టి గాలం వేసినవాడు పన్నెండు గంటల షిఫ్టు చేసే ఊరికొచ్చినా దాన్ని మరవడు. ఆ మోతలోంచి బయటపడి నీళ్ల పక్కన మాట్లాడకుండా కూచోవడానికి ఒక సాకు కావాలి కదా. బస్తీ పక్కనే పారే మిఠీ ఖాడీ అనే వాగులో గాలం వేసే పని లేదు. వానాకాలంలో అది ఇళ్లలోకి రాకుంటే అదే పదివేలు. కాబట్టి తాపీ వైపు, లేదంటే డుమస్ సముద్రపొడ్డుకు. పెద్ద సెలవు దొరికితే కాక్రాపార్, ఉకాయి దాకా.

డుమస్ వెళ్లే కర్రకు రంగు పడటానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. ఉప్పునీళ్లు తగిలి రింగుల కాళ్లు తుప్పు పడతాయి. తుప్పు కనపడకుండా దానిమీద రంగు పూస్తారు. పైన మెరుపు, కింద తుప్పు తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. ఇలాంటి కర్రలో రంగు తియ్యడం సరదా పని కాదు, తప్పని పని.

కర్ర కాదు, బట్ట

గాలం కర్ర దేంతో చేసిందో తెలియకుండా దాని రంగు జోలికి పోకూడదు. మన దగ్గర మొదటి కర్ర ఎటూ వెదురే. అందులోనూ సాధనపు వెదురు, లోపల బోలు తక్కువగా గట్టిగా ఉండే రకం. పక్కనున్న డాంగ్ అడవుల్లోనూ పెరుగుతుంది, మన ఆదిలాబాద్ అడవుల్లోనూ పెరుగుతుంది. 19వ శతాబ్దంలో అమెరికాలో వెదురును నిలువునా చీల్చి, ఆ బద్దల్ని మళ్లీ అతికి ఖరీదైన గాలం కర్రలు చేసినప్పుడు వాళ్లు మొదట వాడింది కలకత్తా రేవు నుంచి ఓడెక్కిన ఈ వెదురునే. కలకత్తా కేన్ అని దాన్ని పిలిచేవాళ్లు. చైనా వైపు నుంచి టోంకిన్ వెదురు వచ్చేదాకా దానిదే రాజ్యం. మద్రాస్ ప్రెసిడెన్సీలో కలెక్టరుగా చేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో 'ద రాడ్ ఇన్ ఇండియా' అని ఒక పుస్తకమే రాశాడు. దొరలకు మన నదుల్లో గాలం పిచ్చి ఎంత పట్టిందో దాన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

రెండో ప్రపంచయుద్ధం నాటికి గాజునార వచ్చింది. ఆర్థర్ హోవాల్డ్ అనే అమెరికన్ తన వెదురు కర్ర విరిగితే గాజునార, రెజిన్ కలిపి కొత్తది చేసుకున్నాడు. షేక్‌స్పియర్ కంపెనీ ఆ పద్ధతి తీసుకుని 1947లో వండర్‌రాడ్ పేరుతో బజారులోకి దింపింది. 1960ల్లో ఇంగ్లండులోని ఫార్న్‌బరో విమాన పరిశోధన కేంద్రంలో బలమైన కార్బన్ నార తయారైంది. 1973లో ఫెన్విక్ కంపెనీ దాంతో గాలం కర్రలు అమ్మింది. ఈ రోజు లింబాయత్‌లో చేతులు మారే కర్రల్లో చౌకవి గాజునారవి, కాస్త ధర పెట్టినవి కార్బన్‌వి.

ఈ కర్రలు తయారయ్యే తీరు వింటే మన సాంచ మనిషికి ఏ కొత్తా అనిపించదు. రెజిన్‌లో తడిపిన గాజు బట్టనో కార్బన్ బట్టనో కొలత ప్రకారం కత్తిరించి, సన్నగా కొసదేరిన ఉక్కు కడ్డీ చుట్టూ బిగుతుగా చుడతారు. దానిమీద పట్టీలాంటి టేపును మెలికగా చుట్టి, పొయ్యిగదిలో పెట్టి ఉడికిస్తారు. ఉడికాక లోపలి కడ్డీ లాగేస్తారు, పైన టేపు ఊడదీస్తారు. మిగిలిందే మన కర్ర. ఆ బట్టలో పడుగు (నిలువు పోగు) దాదాపు అంతా కర్ర పొడవునా ఉంటుంది. పేక (అడ్డపోగు) పేరుకే, గొట్టం చదునైపోకుండా కాపాడటానికి. చేప లాగినప్పుడు కర్ర వంగితే ఆ బరువంతా మోసేది పడుగే. పైన ఉన్న పోగులు సాగుతాయి, కింద ఉన్నవి నొక్కుకుంటాయి. కర్ర కొస వైపు గోడ మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. టేపు ఊడదీశాక కర్రమీద సన్నటి మెలికల గట్లు మిగులుతాయి. కొన్ని కంపెనీలు వాటిని నున్నగా అరగదీసి వార్నిష్ వేస్తాయి, కొన్ని అలాగే వదిలేస్తాయి. వదిలేసిన కర్రకు రంగు పడితే ఆ గాళ్లలో ఇరుక్కుంటుంది. ఎంత తుడిచినా ఆకుపచ్చ చారలు కనిపిస్తూనే ఉంటాయి. అప్పుడు మనిషికి పంతం వస్తుంది. గరుకు కాగితం తీసుకుని గట్లు పోయేదాకా రుద్దుతాడు. రంగుతో పాటు పై పడుగూ పోతుంది. మగ్గం మీద పోగు తెగితే సాంచ ఆపి ముడేసుకోవచ్చు. ఇక్కడ ముడి లేదు. ఆ చోటు గుర్తుపెట్టుకుని, ఎప్పుడో మంచి చేప పడ్డ రోజున ఫట్‌మంటుంది.

రింగులు కట్టిన చోటు ఇంకా సున్నితం. రింగు ఇనుప కాళ్లను కర్రకు ఆనించి, దానిమీద దారం పక్కపక్కన పోగు మీద పోగెక్కకుండా చుట్టి, పైన పారదర్శకమైన ఎపాక్సీ పూస్తారు. ఒకప్పుడు ఆ దారం పట్టు, ఇప్పుడు నైలానో పాలిఎస్టరో. ఈ రెండు నూళ్ల గురించి సూరత్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. దేశంలో కృత్రిమ నూలు బట్టకు ఇదే పెద్ద అంగడి. కాకపోతే బట్ట మీద మరకను ఎంతో జాగ్రత్తగా చూసే చెయ్యే, గాలం కర్ర అనేసరికి ఇనుప పైపు తోమినట్టు తోముతుంది. రెండూ ఒకే నూలు అన్న స్పృహ రాదు.

థిన్నర్ లే జావో

హార్డ్‌వేర్ దుకాణంలో అడిగితే ఒకటే మాట, "థిన్నర్ లే జావో, సబ్ నికల్ జాయేగా." పక్కింటి బావనడిగితే ఇంకో మాట, "గంత సోచాయించుడెందుకు బావా, బ్లేడు పెట్టి గీకెయ్." ఇద్దరూ చెప్పింది నిజమే, రంగు పోతుంది. పోయేది రంగొక్కటే అయితే బాగుండు.

దుకాణంలో ఇచ్చే థిన్నర్ అంటే ఒక్క ద్రవం కాదు. టొలుయీన్, అసిటోన్ లాంటివి రకరకాల పాళ్లలో కలిపిన మిశ్రమం. బాగా ఉడికి గట్టిపడిన కర్ర గోడను అది ఒక్క తుడుపుతో కరిగించలేదు. కానీ గుడ్డ తడిపి చుట్టి ఉంచితే వార్నిష్ మసకబారుతుంది, రింగుల మీది ఎపాక్సీ ఉబ్బి మెత్తబడుతుంది, అందులో ఉన్న దారం రంగు మారుతుంది. పట్టుకునే చోట ఉండే నల్లటి స్పాంజి పిడి, ఈవీఏ అంటారు, థిన్నర్‌కు బంకలా తయారవుతుంది. దానికి మళ్లీ వైద్యం లేదు, కోసి పారేసి కొత్తది తొడగాల్సిందే.

పెయింట్ రిమూవర్ పేరుతో అమ్మేది ఇంకా ఘాటు. వాటిలో చాలాకాలంగా వాడుతున్నది మిథిలీన్ క్లోరైడ్. గట్టిపడిన పూతల్ని ఉబ్బించి లేపడమే దాని ఉద్యోగం. కర్రలోని రెజిన్ కూడా గట్టిపడిన పూత లాంటిదే. ఏది పరాయి రంగు, ఏది ఇంటి రెజిన్ అని దానికి తెలియదు. పీల్చిన మనుషులు చనిపోయిన సందర్భాలున్నాయని అమెరికా 2019లో ఇళ్లలో వాడే పెయింట్ రిమూవర్లలో దీన్ని నిషేధించింది. పది అడుగుల గదిలో, ఒకే కిటికీ ఉన్న చోట, దీన్ని తెరవడం అంటే కర్ర సంగతి తర్వాత, ముందు మనిషి సంగతి చూసుకోవాలి.

కాస్టిక్ సోడా సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే సూరత్‌లో దీని శక్తి తెలియని మిల్లు లేదు. పాలిఎస్టర్ బట్టకు పట్టులాంటి మెత్తదనం రావడానికి వేడి కాస్టిక్‌లో నడుపుతారు. నూలు పైపొర కరిగి బట్ట సన్నబడుతుంది. మిల్లుల్లో దీన్ని వెయిట్ రిడక్షన్ అంటారు. మరి అదే కాస్టిక్ నీళ్లలో గాలం కర్రను నానబెడితే? చౌక గాజునార కర్రల్లో రెజిన్ చాలాసార్లు పాలిఎస్టరే. చల్లటి నీళ్లలో నెమ్మదిగా జరుగుతుందేమో గానీ జరిగేది అదే, కర్రకు వెయిట్ రిడక్షన్. గాజునారకూ క్షారం పడదు. రీలు బిగించే అల్యూమినియం గూటిని అయితే బుడగలు కక్కుతూ తినేస్తుంది. నైలాన్ దారం క్షారానికి నిలబడుతుంది గానీ ఆమ్లానికి లొంగిపోతుంది. కాబట్టి బాత్రూమ్ కడిగే యాసిడ్ కూడా వద్దు.

మంట, హీట్ గన్ కూడా అంతే. కర్రను ఉడికించిన వేడికి దగ్గరికి వెళ్లామంటే రెజిన్ పట్టు సడలుతుంది, ఒకసారి వంకర తిరిగిన కర్ర తిన్నగా రాదు. రింగుల ఎపాక్సీ అంతకంటే చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది. హీట్ గన్ మూతి దగ్గర వేడి వందల డిగ్రీలు. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు.

గుడ్డకు ఏ రంగు అంటింది?

పని మొదలుపెట్టడానికి మంచి చోటు కర్ర మొదలు, రీలు గూటి కింద, ఎవరికీ కనపడని అంగుళం. షెడ్డులో నూనె తుడిచే తెల్ల చిందీ చాలు, కొత్త గుడ్డ దండగ. ముందు గోరువెచ్చటి సబ్బునీళ్లు. పోకపోతే మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్. అదీ పనిచెయ్యకపోతే టర్పెంటైన్ లేదా కిరోసిన్. ప్రతిసారీ గుడ్డ చూడాలి. డిస్టెంపరో గోడల ఎమల్షనో అయితే స్పిరిట్‌కు మెత్తబడి గుడ్డకు వచ్చేస్తుంది, దానితో సమస్యే లేదు. గుడ్డకు ఆకుపచ్చ వస్తే అది మనం వేసిన రంగు. గోధుమో, నలుపో, కర్ర సొంత రంగు వస్తే అక్కడే ఆపాలి. బట్టలో అద్దకం దిగుతోందో లేదో తడి గుడ్డతో రుద్ది చూసే ఊరికి ఈ పరీక్ష నేర్పక్కర్లేదు.

సాంచకు వేసిన ఎనామిల్ ఇంకా పచ్చిగా ఉంటే కిరోసిన్‌కు లొంగుతుంది. ఎండి నెలలైతే ఏ మెత్తని ద్రవానికీ కరగదు. ఇక్కడే మనకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఇనుముకు వేసేటప్పుడు గరుకు చేసి, ప్రైమర్ కొట్టి వేస్తారు. గాలం కర్రకు ఎవరూ అంత శ్రమ పడరు. నున్నటి వార్నిష్ మీద నేరుగా బ్రష్ లాగేస్తారు. కాబట్టి ఆ ఎనామిల్ కర్రను పట్టుకోలేదు, కేవలం దానిమీద కూచుంది. కరిగించే పనే లేదు, లేపితే చాలు.

లేపడానికి కావలసింది పాత ఏటీఎం కార్డు, ఒక వెదురు పుల్ల, బొటనవేలి గోరు. ఒక అడుగు మేర సబ్బునీళ్లలో తడిపిన గుడ్డ చుట్టి కాసేపు ఉంచాలి. తర్వాత కర్రను రెండు చేతులా పట్టుకుని చాలా కొద్దిగా వంచాలి, దారం లాగితే వంగేంత కూడా కాదు. ఎండిన ఎనామిల్ కర్రతో పాటు వంగలేక సన్నగా పగులుతుంది. ఆ పగులు అంచున కార్డు మూల పెట్టి, కర్ర పొడవునే, పడుగు వెంటే తోయాలి. మంచి రోజైతే రంగు పొలుసుల్లా లేస్తుంది, ఒక్కోసారి వేలెడు పొడవు తొక్క ఊడొస్తుంది. మొండి ముక్కలకు గట్టి ప్లాస్టిక్ టేపు అంటించి పీకొచ్చు. బ్లేడు మాత్రం వద్దు. బ్లేడు ఎంత నేర్పున పట్టినా ఎక్కడో ఒకచోట అడ్డంగా గీస్తుంది, అడ్డం గీత అంటే తెగిన పడుగు.

రింగుల దగ్గరికొచ్చేసరికి వేగం తగ్గించాలి. ఒక రింగును దగ్గరగా చూద్దాం. ఇనుప చట్రంలో పింగాణీలాంటి వలయం ఉంటుంది, దారం దాని మీదే పరుగెత్తుతుంది. వలయం లోపలి అంచున రంగు చుక్క గట్టిపడి ఉంటే ముందు స్పిరిట్‌లో ముంచిన దూది వత్తిని రింగులో దూర్చి కాసేపు వదలాలి. తర్వాత వెదురు పుల్ల కొసను ఉలిలా చెక్కి, లోపలి నుంచి బయటికి చుట్టూ తిప్పాలి. సూది వాడితే పింగాణీకి గీత పడొచ్చు, ఆ గీత తర్వాత నైలాన్ దారాన్ని రంపంలా కోస్తుంది. వలయం శుభ్రమైందో లేదో తెలియాలంటే ఆడవాళ్ల పాత నైలాన్ మేజోడు ముక్కనో, పలచటి జార్జెట్ పీలికనో రింగులోంచి లాగి చూడాలి. ఎక్కడైనా పోగు పట్టిందంటే అక్కడ ఇంకా పని ఉన్నట్టు. లింబాయత్‌లో జార్జెట్ పీలికకు కరువేముంది.

రింగు కాళ్ల మీది దారం చుట్టు పైన రంగు ఉంటే కార్డుతో తేలిగ్గా లేపి చూడాలి. లేవకపోతే వదిలెయ్యాలి. లోపల తుప్పు ఉందనుకుంటే పైపైన తోమడం కంటే ఆ చుట్టు మొత్తం తీసి కొత్తగా కట్టడమే మేలు. ఆ సంగతి కాసేపట్లో.

స్ప్రే డబ్బాతో కొట్టిన రంగయితే కథ వేరు. దానికి థిన్నర్ తప్ప వేరే దారి తక్కువ. రింగుల చుట్లు, పిడి, రీలు గూడు అన్నిటికీ టేపు కట్టి, గుడ్డను చెమ్మగా మాత్రమే తడిపి, ఒక్క తుడుపు తుడిచి వెంటనే నీళ్ల గుడ్డతో తుడవాలి. నాలుగు తుడుపులకు పోయేదాన్ని ఒక్కసారే పోగొడదామని గుడ్డ ఆనించి కూచోకూడదు. చివరికి మిగిలే పలుచని మబ్బును కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్ తీసేస్తుంది. గరుకు కాగితం తప్పదనుకుంటే 1500 నంబరు పైమాట నీటి కాగితం, తడిపి, పొడవునే, ఐదారు తోపులు. కార్బన్ కర్రయితే నీళ్లు నల్లబడగానే ఆపాలి, గాజు కర్రయితే తెల్లటి నూగు కనపడగానే. పొడిగా అస్సలు రుద్దకూడదు. ఆ దుమ్ము చర్మానికి దురద, ఊపిరితిత్తులకు అంతకంటే చెడ్డది.

వెదురు కర్రకు ఈ లెక్కలు పనికిరావు. వెదురు బలమంతా పై చర్మం కిందే ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ నార పలచబడుతుంది. గీకిన ప్రతి పొరా బలమైన పొరే. పాత కర్రల మీద లక్క వార్నిష్ ఉండొచ్చు. దానికి స్పిరిట్ తగిలితే రంగు కంటే ముందు వార్నిషే కరుగుతుంది. వెదురుకు కిరోసిన్ గుడ్డ, గోరు, ఓపిక. అంతకుమించి ఏదీ వద్దు.

సీసం, వాసన, మోరీ

ఇళ్లకు వాడే అలంకరణ రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లకు 90 దాటకూడదని 2016లో కేంద్రం నియమం తెచ్చింది, 2017 నవంబరు నుంచి అమలు. అంటే అంతకుముందు కొన్న డబ్బాలకు ఆ భరోసా లేదు. పైగా ఆ నియమం ఇంటి రంగులకే. యంత్రాలకు వేసే పారిశ్రామిక రంగు దాని పరిధిలోకి రాదు. సాంచకు వేసింది ఏ రకమో డబ్బా చూస్తే గాని తెలియదు. కాబట్టి ఊడిన పొలుసుల్ని కాగితం మీదే పట్టి మడిచి చెత్తలో వెయ్యాలి, పసిపిల్లలు పాకే నేల మీద ఊడ్చకూడదు. గాలం వేసేవాళ్లలో దారాన్ని పంటితో కొరికే అలవాటు చాలామందికి ఉంటుంది. ఆ చేతులతోనే ఎర, ఆ చేతులతోనే మిరపకాయ బజ్జీ. మధ్యలో సబ్బు ఉంటే మంచిది.

స్పిరిట్, థిన్నర్, కిరోసిన్ ఏది వాడినా వంటపొయ్యి వెలుగుతున్న గదిలో వద్దు. థిన్నర్ ఆవిరి గాలికంటే బరువు, నేలంట పాకి పొయ్యిని వెతుక్కుంటూ పోతుంది. మేడపైనో వరండాలోనో కూచోవాలి. మిగిలినదాన్ని మోరీలో పొయ్యడం సులువే, కానీ ఆ మోరీ పోయేది ఖాడీకి, ఖాడీ వానాకాలంలో ఎక్కడికి వస్తుందో లింబాయత్‌కు తెలుసు.

ఏది వదిలెయ్యాలి

నా మటుకు నేను చెప్పేదేమిటంటే, రంగు పడ్డ కర్రల్లో సగానికి ఏ వైద్యమూ అక్కర్లేదు. లోపల బోలు లేని గట్టి గాజునార కర్రకు ఎనామిల్ పట్టినంత మాత్రాన ప్రాణం పోదు. రింగులు శుభ్రం చేసి, కొస వైపు అడుగున్నర మేర రంగు బరువు తగ్గించి, మిగతాది ఆకుపచ్చగానే ఉండనిస్తే అది ఇంకో పదేళ్లు జెల్లల్ని పడుతుంది. అందం కోసం మొత్తం నున్నగా చెయ్యాలనుకునేవాళ్లే ఎక్కువ కర్రలు పోగొట్టుకుంటారు. టెలిస్కోపిక్ కర్రలో అయితే గొట్టాలు ఒకదానిలోకి ఒకటి బిగిసే ఆ రెండు అంగుళాల్లో రంగు పూర్తిగా పోవాలి. అక్కడ పలుచని పూత ఉన్నా ఇరుక్కుంటుంది, ఎక్కువ అరగదీస్తే వదులై చేప లాగినప్పుడు లోపలికి జారిపోతుంది. రెండిటి మధ్యా చాలా సన్నటి గీత. కార్డుతో తప్ప ఇంకే పరికరంతోనూ అక్కడికి వెళ్లకూడదు.

ఇక తుప్పు పట్టిన రింగు. పాత చుట్టు మీది ఎపాక్సీని రింగు కాలి ఇనుము ఉన్న వైపు నుంచి మాత్రమే కోయాలి, అప్పుడు కత్తి జారినా ఇనుముకే తగులుతుంది, కర్రకు కాదు. దారం చివర దొరికితే మిగతాది చుట్లుగా విప్పుకుంటూ వచ్చేస్తుంది. కొత్త రింగు ఆనించి, ముందున్న రింగులతో వరస కలిసిందో లేదో ఒక కన్ను మూసి మొదలు నుంచి చూడాలి. కాలికి కాస్త బయటే దారం మొదలుపెట్టి, బిగువు ఎక్కడా సడలకుండా, పోగు పక్కన పోగు. ఇది పేక సర్దిన చెయ్యికి పుట్టుకతో వచ్చిన పని. కానీ ఒకచోట ఆ చెయ్యి తడబడుతుంది. ఇక్కడ ముడి ఉండదు. తెగిన పోగును అతికే ముడి ఎంత చిన్నదైనా ఎపాక్సీ కింద బొడిపెగా తేలుతుంది. అందుకని చివరి ఐదారు చుట్ల కింద విడి దారంతో ఒక ఉచ్చు పెట్టి, అసలు దారం కొసను దానిలో దూర్చి, ఉచ్చును లాగితే కొస చుట్ల కిందకు తనే దూరిపోతుంది. మిగిలిన కొసను తెంపేస్తే మొదలేదో చివరేదో కనపడదు. ముడి లేకుండా నిలిచే పనిని సాంచ మనిషి ఒకసారి అనుమానంగా చూస్తాడు, రెండోసారి గోటితో గీరి చూస్తాడు, మూడోసారికి ఒప్పుకుంటాడు.

ఎపాక్సీ పుయ్యబోయే ముందు కిరోసిన్ జిడ్డంతా సబ్బుతో పోవాలి, లేకుంటే పట్టదు. డబ్బా మీద రాసిన పాళ్లు తప్పకూడదు, ఇది కళ్లతో అంచనా వేసే పని కాదు. పూశాక కర్రను చదునుగా పెట్టి కొన్ని గంటలపాటు నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. వదిలేస్తే కిందికి జారి ఒకవైపు పొట్ట కడుతుంది. కండెలు చుట్టే మోటారుకు బిగిద్దామని ఎవరికైనా తోస్తే వద్దు, ఆ వేగానికి ఎపాక్సీ గోడలకు చిమ్ముతుంది. నిమిషానికి ఐదారు తిరుగుళ్లు చాలు, ఇంట్లో పిల్లలు వంతులవారీగా తిప్పినా సరిపోతుంది. ఒక రోజుకు పైన గట్టిపడుతుంది, లోపల పూర్తిగా కుదురుకోవడానికి మరికొన్ని రోజులు. దీపావళి మర్నాడు మొదలుపెట్టిన పని, సూరత్ బజారు మళ్లీ తెరుచుకునే లాభ పంచమి నాటికి చేతికొస్తుంది.

నీళ్ల దగ్గరికి తీసుకెళ్లే ముందు ఒక పరీక్ష ఉంది. కర్రకు రీలు బిగించి, దారాన్ని అన్ని రింగుల్లోంచీ దూర్చి, దాని కొసకు ఒక లీటరు నీళ్ల సీసాలో సగం నీళ్లు పోసి కట్టాలి. నేలమీద నుంచి నెమ్మదిగా లేపాలి. కర్ర ఒకే వంపుగా వంగితే భయం లేదు. ఒకచోట మాత్రమే మోచెయ్యిలా విరిగినట్టు వంగినా, టిక్కుమని చిన్న చప్పుడు వచ్చినా అక్కడ పడుగు తెగిందని అర్థం. అలాంటి కర్రను అతికించి పెద్ద చేపలకు వాడే ప్రయత్నం వద్దు. దెబ్బతిన్నది కొస దగ్గరైతే సన్నపళ్ల రంపంతో అక్కడికి కోసి, కోసిన చోటికి సరిపోయే కొస రింగును అంటిస్తే పొట్టి కర్ర తయారవుతుంది, కాలువ గట్టున పిల్లలు వాడుకోవడానికి బాగుంటుంది. కార్బన్ కర్ర అయితే వాళ్లకు ఇంకో మాట కూడా చెప్పి పంపాలి. కార్బన్‌లో కరెంటు పారుతుంది, పైన ఎంత మందం రంగు ఉన్నా దాన్ని ఆపదు. కాలువ మీదుగా వైర్లు పోయే చోట గాలం విసరొద్దు.